ఎనిమిదివందల నలభై పెట్టెలు

సోమవారం పొద్దున షాపు తలుపులు తీసేసరికి గుండీలాయన చేతిలో ఉన్నవి ఇవి: పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పున్న అద్దె షాపు, మూడు గోడల నిండా గుండీలూ లేసులూ ఉన్న ఎనిమిదివందల నలభై అట్టపెట్టెలు, బ్యాంకులో ఆరు లక్షల అప్పు లిమిట్, అందులో అప్పటికే వాడుకున్నది రెండున్నర, పశువుల డాక్టరు చదువుతానని పట్టుబట్టిన ఒక కూతురు, ఆ పిల్ల రెండు కాలేజీలకు పెట్టిన దరఖాస్తులు, ఇంకా రాని రెండు జవాబులు, శుక్రవారం సాయంత్రం నాలుగింటిదాకా గడువు.

గడువు కాలేజీలది కాదు. ఫీజు కట్టుకోలేని పిల్లలకు సాయం చేసే నిధి ఒకటుంది, దానిది. సీటు వచ్చాక వెళ్ళి అడుగుదామంటే అప్పటికి ఆ నిధి కిటికీ మూసేస్తారు. సీటు వస్తుందో రాదో తెలియకముందే, వస్తే కట్టలేమని కాయితాల మీద రుజువు చేసుకోవాలి.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట," అన్నాడు గుండీలాయన, గుమ్మంలో ఎండకు దారం రీలు ఎత్తి చూస్తూ. దర్జీ ఒకడు ఇచ్చి వెళ్ళిన గుడ్డముక్కకు రంగు కలిసే దారం వెతుకుతున్నాడు. షాపులో దీపం కింద అన్ని ఊదారంగులూ ఒకలాగే ఉంటాయి. గుమ్మంలోకి తెస్తేనే దేని బండారం దానిది బయటపడుతుంది.

"పేరు తర్వాత పెడుదువుగాని నాన్నా, ముందు ఇక్కడ చెప్పు," అంది అమ్మాయి. కౌంటరు మీద దరఖాస్తు పరిచి పెన్ను పట్టుకుని కూర్చుంది. "సొంత ఇల్లు?"

"లేదు."

"పొలం?"

"పూలకుండీ ఉంది. రాస్తావా?"

"బంగారం?"

"మీ అమ్మనడుగు. నాకు ఇంతవరకూ చెప్పలేదు."

"వ్యాపారంలో ఉన్న సరుకు విలువ?" అని ఆగింది. కింద చిన్న అక్షరాలు చదివింది. "దీనికి బ్యాంకుకిచ్చిన ఆఖరి స్టాక్ స్టేట్‌మెంట్ నకలు జత చేయాలట. అన్నీ కలిపి పది లక్షలు దాటితే సాయం రాదట."

గుండీలాయన దారం రీలు కౌంటరు మీద పెట్టాడు. అది దొర్లుకుంటూ పోయి కింద పడింది. వంగి తీయలేదు.

ఆఖరి స్టేట్‌మెంటులో ఉన్న అంకె పంతొమ్మిది లక్షలు. కింద సంతకం ఆయనదే.

ఆ వీధిలో అందరూ అంతే. మూడు నెలలకోసారి బ్యాంకు సరుకు లెక్క అడుగుతుంది. సరుకు ఎంత ఎక్కువుంటే లిమిట్ అంత నిలుస్తుంది. కాబట్టి ఎవరూ పెట్టె దించి లెక్కపెట్టరు. పోయినసారి అంకె చూసి, దాని మీద కొంచెం వేసి పంపిస్తారు. పిల్లవాడికి ఏడాదికో సైజు పెద్ద చొక్కా కొన్నట్టు. గుండీలాయన దాన్ని అబద్ధం అనుకోలేదు, వ్యాపారం అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే, కూతురికి సాయం అక్కర్లేదని తన చేత్తో తానే ఏడాదికి నాలుగుసార్లు రాసిస్తూ వచ్చాడన్నమాట.

మధ్యాహ్నం లెక్కలాయన దగ్గరికి వెళ్ళాడు. పక్కవీధిలో మేడమీద గది. వీధిలో సగం షాపుల పన్నుల పుస్తకాలు ఆయన బీరువాలోనే ఉంటాయి. అంతా విని లెక్కలాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"దీనికా ఇంత దిగులు? ఈ మూడు నెలల స్టేట్‌మెంటు ఇంకా ఇవ్వలేదుగా. ఇందులో తగ్గించేద్దాం. వానకు తడిసిందని, ఎలకలు కొట్టాయని రాద్దాం. నాలుగు లక్షల ఎనభై వేలు."

"అదేం అంకె? ఐదూ కాదు, నాలుగున్నరా కాదు."

"నా చేతికి అచ్చొచ్చిన అంకెలెండి. నిధి వాళ్ళకి ఎప్పుడూ అదే రాస్తాను. వచ్చే మూడు నెలలకి బ్యాంకులో మళ్ళీ పెంచేసుకుందాం. బ్యాంకు మొహం నిధి చూడదు, నిధి మొహం బ్యాంకు చూడదు."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే భార్య బట్టలు మడతపెడుతున్నదల్లా తలెత్తింది.

"గుండీలు తినే ఎలకలా? అయితే వాటికి వైద్యం చేయడానికైనా మన పిల్లకి సీటివ్వాలి."

అమ్మాయి నవ్వలేదు. దరఖాస్తు ఆఖరి పేజీ తిప్పి చూపించింది. పై వివరాలన్నీ నిజమని తండ్రి సంతకం, పక్కనే విద్యార్థి సంతకం. తప్పని తేలితే, ఏ సంవత్సరంలో తేలినా, ఇచ్చింది వెనక్కి కట్టాలి, కాలేజీకీ తెలియజేస్తారు.

గుండీలాయన ఆ పేజీని రెండుసార్లు చదివాడు. సరుకు కొనేటప్పుడు కూడా అంతే, బిల్లు రెండోసారి చదవకుండా డబ్బు ఇవ్వడు. అబద్ధానికి ఖర్చుంటుంది, ఆ సంగతి ఆయనకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ ఆ ఖర్చు తానే భరించాడు కాబట్టి గిట్టుబాటైంది. ఇప్పుడు అబద్ధం తనది, ఐదేళ్ళ పాటు వడ్డీ కట్టాల్సింది పిల్ల. ఈ బేరం కుదరదు.

"అసలు షాపులో ఎంతుంది నాన్నా?" అంది అమ్మాయి.

ఆయన జేబులోని షాపు తాళాలు తడుముకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా రోజూ తాళం తీస్తున్న షాపులో ఎంత ఉందో ఆయనకు తెలియదు.

మంగళవారం పదింటికి షాపు ముందు సగం తలుపు వేసి లెక్క మొదలుపెట్టారు. భార్య స్టూలెక్కి పెట్టెలు దించుతుంది. గుండీలాయన మూత తీసి, లోపలున్నదేమిటో, కొన్న ధరెంతో చెబుతాడు. అమ్మాయి వంద గుండీలు లెక్కపెట్టి చిన్న తక్కెడలో వేసి తూస్తుంది, తర్వాత పెట్టెలోవన్నీ ఒకేసారి కుమ్మరించి తూస్తుంది, భాగించి సంఖ్య రాస్తుంది. పేజీకి ఇరవై పెట్టెలు. చొక్కా గుండీలు, కొక్కేలు, జిప్పులు, లేసులు, భుజాల కింద కుట్టే దూది ముక్కలు. లేసుల దగ్గర తూకం పనికిరాదు, కౌంటరు అంచుకు కొట్టిన ఇత్తడి గీతల మీద కొలవాలి.

పేచీ సంఖ్య దగ్గర రాలేదు, విలువ దగ్గర వచ్చింది.

"పోయిన ఏడాదిలో ఒక్క డజను కూడా పోని పెట్టెకి సున్నా వేస్తున్నా," అంది అమ్మాయి.

"సున్నా ఏంటి? డబ్బులు పోసి కొన్న సరుకు. ఈ ముత్యాల గుండీలు చూడు, ఇంకా మెరుస్తున్నాయి."

"ఎవరు కొంటారు?"

"కొనేవాడు వస్తాడు. గుండీలకి వయసుండదు."

"ఎప్పుడొచ్చాడు ఆఖరిసారి?"

గుండీలాయన భార్య వైపు చూశాడు. ఆమె స్టూలు మీద నుంచే, "నన్ను చూస్తారేం? ఆ పెట్టె నేను దుమ్ము దులపడానికి తప్ప ఎప్పుడూ దించలేదు," అంది.

సున్నా పడింది. తర్వాతి పెట్టెకి మళ్ళీ వాదించాడు. దాని తర్వాతదానికీ వాదించాడు. మొదటిరోజు ప్రతి సున్నాకీ ఒక పేచీ. రెండోరోజు పదింటికొకటి. మూడోరోజు ఆయనే మూత తీసి చూసి, కొన్న ధర చెప్పకుండా, "సున్నా," అనేవాడు. అలా అన్నప్పుడల్లా మూత మాత్రం జాగ్రత్తగా, నాలుగు మూలలా నొక్కి పెట్టేవాడు.

బుధవారం మూడింటికి అమ్మాయి ఫోను మోగింది. తీసి చదివింది. చేతిలోని ఫోనును తక్కెడ పళ్ళెంలో బోర్లా పెట్టింది. తక్కెడ నూట ఎనభై గ్రాములు చూపించింది.

"ఏమైంది?" అన్నాడు గుండీలాయన.

"మొదటి కాలేజీ. ఇవ్వలేదట."

భార్య స్టూలు దిగింది. "పోనీలే తల్లీ. ఇంకోటుందిగా."

"ఇంకోటే ఉంది," అంది అమ్మాయి. ఫోను తీసి పక్కన పెట్టి, తక్కెడ మళ్ళీ సున్నాకి తెచ్చి, "తర్వాతది దించమ్మా," అంది.

గుండీలాయన మూత తీసి, "నీలం, నాలుగు కన్నాలవి, అరంగుళం. ఇవి పోతాయి. బాగా పోతాయి," అన్నాడు. ఆయనకు చేతనైన ఓదార్పు అది.

గురువారం సాయంత్రానికి నలభై రెండు పేజీలయ్యాయి. బతికున్న పెట్టెలు నాలుగువందల యాభై. చచ్చినవి మూడువందల తొంభై. మొత్తం విలువ ఆరు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు. చచ్చినవాటిని కొన్న ధరకే వేసుకున్నా ఇంకో ఏడు లక్షలు కలుస్తాయి. మిగతా ఐదు లక్షల పైచిలుకు ఎక్కడుందని వెతికితే, అది ఏ పెట్టెలోనూ లేదు, గాలి. ఆ గాలిని వేరెవరూ నమ్మి ఉండకపోవచ్చు. తాను మాత్రం నమ్మాడు. షాపుకెంత ఖరీదని ఎవరైనా అడిగితే నిద్రలో కూడా పంతొమ్మిదనే చెప్పేవాడు.

శుక్రవారం పొద్దున్నే కొత్త స్టేట్‌మెంటు పట్టుకుని బ్యాంకుకెళ్ళాడు. మేనేజరు చదువుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తిడతారనుకున్నాడు. కేసు అంటారేమో అని కూడా అనుకున్నాడు.

మేనేజరు ఫైలు తెప్పించి పాత స్టేట్‌మెంట్లు ఒక్కొక్కటే తిరగేశాడు. ప్రతిదాని పక్కనా పెన్సిలుతో చిన్న అంకె రాసి ఉంది. పంతొమ్మిది పక్కన తొమ్మిదిన్నర. పద్దెనిమిది పక్కన తొమ్మిది.

"ఇదేమిటి సార్?"

"మీ వీధి లెక్క. ఎవరేది రాసిచ్చినా మేం సగం తీసేసి చూస్తాం. నాకు ముందున్నాయన నేర్పాడు, ఆయనకి ఆయన ముందాయన."

"అంటే మీకు తెలుసా?"

"మీరు ఇంత పెద్ద షాపులో కూర్చుంటున్నారని మీరనుకుంటే మేమెందుకు కాదనాలి?" అని మేనేజరు పెన్సిలు తీశాడు. ఆరు ముప్ఫై ఎనిమిది పక్కన మూడు పంతొమ్మిది అని రాశాడు.

గుండీలాయన కుర్చీలో ముందుకు జరిగాడు. "సార్, ఇది సగం చేయక్కర్లేదు. ఇది నిజం లెక్క. నలభై రెండు పేజీలు."

"మీరంటే నాకు నమ్మకమేనండీ. కానీ మీ ఒక్కరికి నిజమని రాసి, మిగతా వీధికి సగమని రాస్తే రేపు పైవాళ్ళు నన్నడుగుతారు. లిమిట్ ఇకనుంచి మూడు లక్షలు. వాడింది రెండున్నరే కదా, ఇబ్బంది లేదు."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడి లెక్క వేసుకున్నాడు. పోయింది మూడు లక్షల ఊపిరి. పోతే పోయింది, అందులో సగం గాలే. మధ్యాహ్నం అమ్మాయిని తీసుకుని నిధి కార్యాలయానికి వెళ్ళాడు.

కిటికీలో యాభై ఏళ్ళావిడ కూర్చుని ఉంది. కళ్ళజోడుకు గొలుసు, పక్కన ముద్రల పెట్టె. ఆవిడ జాకెట్టు చేతి అంచున ఒక గుండీ తెగిపోతే వేరే రంగుది కుట్టించుకుంది. దానికి సరిగ్గా సరిపోయేది ఏ పెట్టెలో ఉందో గుండీలాయనకు తెలుసు. ఇంకో రోజైతే చెప్పేవాడే. ఇవాళ చెబితే లంచమవుతుంది. కళ్ళు తిప్పుకున్నాడు.

ఆవిడ కాయితాలన్నీ చూసి, పక్కన ఇంకో కాయితం మీద ఏదో గుణించి, దరఖాస్తు వెనక్కి జరిపింది.

"పన్నెండు లక్షల డెబ్భై ఆరు వేలు. పది దాటింది. రాదండి."

"ఆరు ముప్ఫై ఎనిమిది కదమ్మా, చూడండి."

"వ్యాపారస్తుల సరుకు రెండింతలు వేసుకోవాలి. మా పద్ధతి. మీవాళ్ళు మాకెప్పుడూ సగమే చూపిస్తారు."

నాలుగు ఎనభై రెండింతలైతే తొమ్మిది అరవై. లెక్కలాయన చేతికి ఆ అంకె ఎందుకు అచ్చొచ్చిందో గుండీలాయనకు అప్పుడర్థమైంది. కిటికీ చెక్క మీద రెండు చేతులూ ఆనించాడు. గొంతు మాత్రం పెంచలేదు. బేరంలో గొంతు పెంచినవాడు ఓడినవాడే.

"అమ్మా, పొద్దున బ్యాంకులో దీన్ని సగం చేశారు. ఇప్పుడు మీరు రెండింతలు చేశారు. అప్పు అడిగితే పేదవాణ్ణి, సాయం అడిగితే గొప్పవాణ్ణి. నేను అబద్ధం చెప్పుంటే మీ ఇద్దరికీ సరైన లెక్క వచ్చుండేది."

ఆవిడ పెదవి కొంచెం కదిలింది. "నేనేం చేయను చెప్పండి? మీరు మొదటివారు కాదు."

"మీ పద్ధతి తప్పనట్లేదు. ప్రతి పద్ధతికీ ఒక పక్క తలుపుంటుంది. దీనికి లేదా?"

ఆవిడ అమ్మాయిని చూసింది, తర్వాత గడియారాన్ని. మూడూ పది. సొరుగులోంచి చిన్న పుస్తకం తీసి వెతికింది.

"ఉంది. పెట్టెకి పెట్టె జాబితా ఇస్తే మా మనిషి వచ్చి చూసి ఆ అంకె వేసుకోవచ్చు. కానీ అలాంటిది ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు."

అమ్మాయి సంచిలోంచి నలభై రెండు పేజీలు తీసి కిటికీలోంచి లోపలికి తోసింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మూడు పేజీలు తిప్పింది.

"ఇదంతా ఎవరు రాశారు?"

"నేనే మేడం. నాన్న ధరలు చెప్పారు. అమ్మ పెట్టెలు దించింది."

ఆవిడ ముద్ర తీసి, సిరాలో అద్ది, రసీదు మీద నొక్కి వేసింది. "సోమవారం మా తనిఖీ ఆయన వస్తారు. ఆయన ఏది రాస్తే అది."

సోమవారం పదకొండింటికి తనిఖీ ఆయన వచ్చాడు. రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి, సన్నగా, భుజానికి సంచి. టీ తాగనన్నాడు. కుర్చీ వద్దన్నాడు. జాబితా తీసి, గోడ చూసి, వేలితో ఒక పెట్టె చూపించాడు. నీలం చొక్కా గుండీలు. తక్కెడ ఇస్తే వద్దని, కౌంటరు మీద పోసి చేత్తో పదేసి జరుపుతూ గంటసేపు లెక్కపెట్టాడు. ఈలోగా ఇద్దరు దర్జీలు వచ్చి, చూసి వెళ్ళిపోయారు.

"జాబితాలో రెండువేల మూడువందల పది. ఉన్నవి రెండువేల మూడువందల నాలుగు."

"తూకం లెక్క కదండీ," అంది అమ్మాయి. "ఆరు తేడా రావచ్చు."

ఆయన ఆరు అని రాసుకున్నాడు. తర్వాత పై వరసలోంచి ఇంకో పెట్టె దించమన్నాడు. కోటు గుండీలు. ముదురు గోధుమ రంగు, ఒక్కోటి పెద్దవాళ్ళ బొటనవేలు గోరంత. పదకొండువందల నలభై.

"దీనికి సున్నా వేశారేం? కొన్న ధర ఒక్కోటి నాలుగని మీరే రాశారు."

గుండీలాయన అమ్మాయిని చూశాడు. ఆ పిల్ల జవాబు చెప్పబోయింది. చెయ్యి ఎత్తి ఆపాడు. చచ్చిన పెట్టెలన్నీ ఈ ఒక్క జవాబు మీద నిలబడి ఉన్నాయి. ఇవి బతికాయంటే ఏడు లక్షలూ బతుకుతాయి, పది దాటుతుంది.

ఇరవై రెండేళ్ళుగా ఆయన నోటితో ఏ సరుకునూ బాగాలేదని అనలేదు. కొనేవాళ్ళు అంటారు, అమ్మేవాడు కాదంటాడు. ఇప్పుడు కౌంటరుకు ఇవతల నిలబడి కొనేవాడి మాటలు వెతుక్కున్నాడు.

"పాతబడిపోయాయండి. ఈ సైజు కోట్లు ఎవరూ కుట్టించుకోవడం లేదు. అంచులు మోటు. కన్నం కుట్టాలంటే దర్జీలు విసుక్కుంటారు." ఒకటి తీసి అరచేతిలో తిప్పాడు. "నేను కొనేటప్పుడు మా ఇంటావిడ వద్దంది. నేనే వినలేదు. పదకొండేళ్ళయింది. ఒకటి కూడా పోలేదు."

భార్య దారాల అర సర్దుతున్నదల్లా ఆగిపోయింది. ఆయన నోట ఆ మాట వినడం ఆవిడకిదే మొదటిసారి.

తనిఖీ ఆయన పెట్టెలో చెయ్యి పెట్టి కదిపాడు. "బాగానే ఉన్నాయే. నాకొక పాత కోటుంది, దానికి ఇలాంటివే ఉండేవి. ఆరు కావాలి. ఎంత?"

ధర చెబితే సరుకు బతికున్నట్టు. ఊరికే ఇస్తే లంచం. లేదంటే కళ్ళముందున్నదాన్ని లేదన్నట్టు. ఆ మనిషికి నిజంగా కోటుందో, ఇది పరీక్షో మొహం చూస్తే తెలియడం లేదు.

"ఒక్కోటి రెండు," అన్నాడు గుండీలాయన. "ఆరింటికి పన్నెండు. బిల్లు రాసిస్తాను. ఆ పన్నెండు మీ కాయితంలో వేసుకోండి. మిగతా పదకొండువందల ముప్ఫై నాలుగూ, కోట్లు తొడిగే మనుషులు వచ్చేదాకా సున్నాయే."

తనిఖీ ఆయన జేబులోంచి చిల్లర తీసి లెక్కపెట్టి పన్నెండు కౌంటరు మీద పెట్టాడు. బిల్లు తీసుకున్నాడు. గుండీలు రుమాలులో ముడి వేసుకున్నాడు. తర్వాత నిలబడే, సంచి మీద కాయితం ఆనించి రాశాడు. అమ్మాయి మెడ చాచి తలకిందులుగా చదివింది: సరుకు విలువ ఆరు లక్షల ముప్ఫై ఎనిమిది వేల పన్నెండు. జాబితా సరిపోయింది. రెండింతలు అక్కర్లేదు.

గడప దాటుతూ ఆయన వెనక్కి తిరిగాడు. "ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్నానండి. తన సరుకుని తానే తక్కువ చేసి చెప్పి, నన్ను నమ్మించిన వ్యాపారిని మాత్రం ఇవాళే చూశాను. కష్టమేననుకుంటా."

"అమ్మడం కంటే కష్టం," అన్నాడు గుండీలాయన.

ఆ తర్వాత తొమ్మిది రోజులు ఏ జవాబూ రాలేదు. పదో రోజు నిధి నుంచి ఒక వాక్యం వచ్చింది: సీటు వస్తే ఫీజులోనూ హాస్టలు ఖర్చులోనూ నాలుగింట మూడు వంతులు భరిస్తాం. సీటు వస్తే. అమ్మాయి ఆ ఉత్తరాన్ని కౌంటరు అద్దం కింద పెట్టి, రెండో కాలేజీ నుంచి వచ్చేదానికి పక్కన చోటు వదిలింది. వాళ్ళమ్మ చూసి, ఆ చోటులో సూదుల అట్ట పెట్టింది. "ఖాళీ కనబడితే నాకు తోచదు," అంది.

పదమూడో రోజు, దర్జీ ఒకడు జిప్పుల పొడవు గురించి గొడవపడుతున్న వేళ, రెండో కాలేజీ జవాబు వచ్చింది. అమ్మాయి చదివి ఫోను తండ్రి చేతికిచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు. దర్జీ, "అన్నా, నా జిప్పు సంగతేంటి?" అంటే, "నువ్వు చెప్పిందే కరెక్టు, తీసుకెళ్ళు," అన్నాడు. అతగాడు అనుమానంగా చూస్తూ తీసుకెళ్ళాడు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక గుండీలాయన బిల్లు పుస్తకం వెనక అట్ట మీద లెక్క రాసుకున్నాడు. పోయినవి: బ్యాంకులో మూడు లక్షల లిమిట్, పంతొమ్మిది లక్షల షాపన్న పేరు, దర్జీకి తప్పుగా ఇచ్చిన ఒక జిప్పు. వచ్చినవి: ఒక సీటు, ఏడాదికి లక్షా ఇరవై వేల ఖర్చులో తొంభై వేలు, అలా ఐదేళ్ళు. కట్టాల్సింది ఏడాదికి ముప్ఫై వేలు, నెలకు రెండువేల ఐదువందలు. డజను చొక్కా గుండీల మీద మిగిలేది ఎనిమిది రూపాయలు. నెలకు ఇరవై ఆరు రోజులు షాపు తీస్తాడు. భాగించి చూశాడు.

ఇప్పుడు అమ్ముతున్నవి కాక రోజుకు ఇంకో పన్నెండు డజన్లు. నెలకు నాలుగు రూపాయలు తక్కువ పడుతుంది. అది ఎక్కడో సర్దుకోవచ్చు.